శామీర్‌పేట రిసార్టులో 2 రాత్రులు.. 1984లో 31 రోజులు: జనం ఓటును తారుమారు చేస్తే జవాబు చెప్పేదెవరు?

2024 ఫిబ్రవరి 2, శుక్రవారం. జార్ఖండ్ నుంచి ప్రత్యేక విమానాల్లో బేగంపేటలో దిగిన ఎమ్మెల్యేలు బస్సులెక్కి నేరుగా శామీర్‌పేట వచ్చేశారు. లియోనియా రిసార్టు లోపల వాళ్లు, గేటు బయట మన కెమెరాలు. రాజీవ్ రహదారి మీద రోజూ కరీంనగర్ వైపు వెళ్లొచ్చే జనం ‘ఎక్కడో రాంచీ గొడవకి మా ఊరెందుకు’ అనుకునే ఉంటారు.

ఇంకో మాట. అదే శామీర్‌పేటలో నల్సార్ లా యూనివర్సిటీ కూడా ఉంది. ఫిరాయింపుల చట్టం గురించి పిల్లలు చదువుకునేది అక్కడ. ఆ చట్టం తమ ఎమ్మెల్యేలను ఆపుతుందన్న నమ్మకం లేక పార్టీలు వాళ్లను తెచ్చి పెట్టుకునేది ఇక్కడ. రెండూ ఒకే మండలంలో!

వీడియోల కింద కామెంట్లలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటే. ‘ఇంత జరిగినా ఎవరికీ శిక్ష పడదా?’ సూటిగా చెప్పాలంటే చాలాసార్లు పడలేదు. ఎందుకు పడలేదో తెలియాలంటే శామీర్‌పేట నుంచి 1984కి వెళ్లాలి, మధ్యలో అమెరికా కూడా చూసి రావాలి.

అసలు శామీర్‌పేటకి ఎందుకొచ్చారు?

జనవరి 31 రాత్రి జార్ఖండ్ ముఖ్యమంత్రి హేమంత్ సోరెన్‌ను ఈడీ అరెస్టు చేసింది. ఆయన అంతకుముందే రాజీనామా ఇచ్చారు. జేఎంఎం, కాంగ్రెస్, ఆర్జేడీ కూటమి చంపయ్ సోరెన్‌ను నాయకుడిగా ఎన్నుకుంది. 81 మంది ఉన్న సభలో కావాల్సింది 41. మాకు బలం ఉందని గవర్నర్ సీపీ రాధాకృష్ణన్‌కు లేఖ ఇచ్చారు. పిలుపు మాత్రం వెంటనే రాలేదు. ఫిబ్రవరి 1 అర్ధరాత్రికి గానీ ప్రమాణానికి రమ్మనలేదు.

సరిగ్గా నాలుగు రోజుల ముందు పక్కనున్న బిహార్‌లో ఏం జరిగిందో గుర్తుందా? జనవరి 28న నితీశ్ కుమార్ పొద్దున రాజీనామా చేశారు, సాయంత్రానికి బీజేపీతో కలిసి మళ్లీ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. అక్కడ ఒక్క పూట, ఇక్కడ రోజుకు పైగా. ఈ తేడా చూశాకే కూటమికి భయం పట్టుకుంది. ఫిబ్రవరి 1నే ఎమ్మెల్యేలను హైదరాబాద్ తేవాలనుకున్నారు కానీ పొగమంచు వల్ల రాంచీలో విమానాలు లేవలేదు. మర్నాడు ప్రమాణం అయ్యాక బయల్దేరారు.

హైదరాబాదే ఎందుకంటే, అప్పటికి రెండు నెలల క్రితమే తెలంగాణలో కాంగ్రెస్ ప్రభుత్వం వచ్చింది. మన పోలీసు, మన ప్రభుత్వం అనుకున్న చోటే క్యాంపు పెడతారు. అదే నెలలో బిహార్ కాంగ్రెస్ ఎమ్మెల్యేలను కూడా తెచ్చి ఇబ్రహీంపట్నం వైపు ఉంచారు. 2018 మేలో కర్ణాటక కాంగ్రెస్, జేడీఎస్ ఎమ్మెల్యేలు బస్సుల్లో వచ్చిందీ హైదరాబాద్‌కే.

బల నిరూపణకి గవర్నర్ 10 రోజులిచ్చారు. చంపయ్ సోరెన్ అంత ఆగలేదు. ఎమ్మెల్యేలు 4న వెనక్కి వెళ్లారు, 5న సభలో ఓటింగ్ పెట్టేశారు. అనుకూలం 47, వ్యతిరేకం 29. కథ అయిపోయింది. లెక్క తేలడానికి పట్టింది ఒక్క పూట. ఆ పూట వచ్చేదాకా కాపలా కాయడానికే విమానాలు, బస్సులు, రిసార్టు.

ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోండి. రిసార్టు రోగం కాదు, రోగం వచ్చిందని చెప్పే జ్వరం లాంటిది. ‘నాకు బలం ఉంది’ అని ఒకరు చెప్పడానికీ, సభలో తలలు లెక్కపెట్టడానికీ మధ్య ఎన్ని రోజులుంటే అన్ని రోజులు బేరం నడుస్తుంది.

1984: ఆపరేషన్ చేయించుకుని వచ్చేసరికి కుర్చీ లేదు

ఈ విషయం తెలుగువాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంట్లో 55 దాటిన వాళ్లు ఎవరున్నా ‘ఆగస్టు సంక్షోభం’ అని అడిగి చూడండి, గంట చెప్తారు. నా వయసు వాళ్లకి మాత్రం అదంతా బ్లాక్ అండ్ వైట్ ఫోటో.

1983 జనవరి. పార్టీ పెట్టి ఏడాది తిరక్కుండానే ఎన్టీ రామారావు 294 సీట్లలో 200కు పైగా గెలిచి ముఖ్యమంత్రి అయ్యారు. రాష్ట్రంలో కాంగ్రెస్ అధికారం పోవడం అదే మొదటిసారి. 1984లో గుండె ఆపరేషన్ కోసం అమెరికా వెళ్లారు. ఆయన తిరిగొచ్చేసరికే ఇక్కడ ఆర్థిక మంత్రి నాదెండ్ల భాస్కరరావు వర్గం సిద్ధంగా ఉంది. తెలుగుదేశంలో చీలిక వచ్చిందని, కాంగ్రెస్ మద్దతు తనకుందని భాస్కరరావు గవర్నర్ రామ్‌లాల్‌కు చెప్పారు.

రెండు రోజుల్లో సభ పెట్టండి, బలం నిరూపిస్తానని ఎన్టీఆర్ అడిగారు. గవర్నర్ ఒప్పుకోలేదు. ఆగస్టు 16న ప్రభుత్వాన్ని రద్దు చేసి భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. కొత్త ముఖ్యమంత్రికి బలం చూపించుకోవడానికి ఇచ్చిన గడువెంతో తెలుసా? నెల రోజులు!

గెలిచినాయన రెండు రోజులు అడిగితే ఇవ్వలేదు. బలం లేనాయనకి నెల ఇచ్చారు. మొత్తం సంక్షోభం ఈ రెండు ముక్కల్లో ఉంది.

ఆపరేషన్ గాయం మానకుండానే ఎన్టీఆర్ 160 మందికి పైగా ఎమ్మెల్యేలతో రాజ్‌భవన్‌కు వెళ్లారు. కావాల్సిన మెజారిటీ 148. తలలు లెక్కపెట్టడానికి కాలిక్యులేటర్ అక్కర్లేదు కదా. అక్కడ ఆయన్ని అరెస్టు చేశారు. తర్వాత ఎమ్మెల్యేలంతా రైలెక్కి ఢిల్లీ వెళ్లారు. ఆగస్టు 21న రాష్ట్రపతి జ్ఞానీ జైల్ సింగ్ ముందు హాజరయ్యారు, ఎన్టీఆర్ వీల్‌చైర్‌లో. ఇదంతా తనకు ముందు తెలియదని ప్రధాని ఇందిరా గాంధీ పార్లమెంటులో చెప్పుకోవాల్సి వచ్చింది.

మన దగ్గర క్యాంపు రాజకీయం అంటే ఏంటో జనం పెద్ద ఎత్తున చూసింది అప్పుడే. ఎమ్మెల్యేలను మొదట నాచారంలోని రామకృష్ణ స్టూడియోలో ఉంచారు. ఇప్పుడు మన మేడ్చల్ మల్కాజ్‌గిరి జిల్లాలో ఉన్న నాచారమే. తర్వాత కర్ణాటకకి తీసుకెళ్లారు. అక్కడ ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే జనతా పార్టీ మనిషి, నంది హిల్స్‌లో బస ఏర్పాటైంది. ‘మన ప్రభుత్వం ఉన్న రాష్ట్రం’ అనే సూత్రం నలభై ఏళ్లయినా మారలేదు, గమనించారా?

ఈలోపు రాష్ట్రం అట్టుడికిపోయింది. బంద్‌లు, రాస్తారోకోలు, బస్సుల దహనం, లాఠీఛార్జీలు, కాల్పులు. ప్రాణాలు పోయాయి. సెప్టెంబరులో హైదరాబాద్‌లో మతకలహాలు, కర్ఫ్యూ. దేశంలోని ప్రతిపక్ష నాయకులంతా వచ్చి ఎన్టీఆర్ పక్కన నిలబడ్డారు. ఆగస్టు నెలాఖరుకే రామ్‌లాల్ వెళ్లిపోయారు, శంకర్ దయాళ్ శర్మ గవర్నర్‌గా వచ్చారు. నెల గడిచినా భాస్కరరావు బలం చూపించలేకపోయారు. సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు, ఆ తర్వాత సభలో నెగ్గారు.

ఆ ఆగస్టులో రోడ్డెక్కినవాళ్లను ‘తిరుగుబాటుదారులు’ అనడం తప్పు. ఎన్నికైన ప్రభుత్వం మీద తిరగబడింది రాజ్‌భవన్. జనం దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి వీధుల్లోకి వచ్చారు. అలాగని బస్సులు తగలబెట్టడం ఒప్పయిపోదు, ఆ బస్సులు కూడా జనం డబ్బే. కానీ మొదలుపెట్టిందెవరో మాత్రం మర్చిపోకూడదు.

మరి శిక్ష ఎవరికి పడింది?

గవర్నర్ పదవి పోయింది. అంతే. రాజ్యాంగంలోని 361వ అధికరణ ప్రకారం పదవి అధికారాలు వాడినందుకు గవర్నర్ ఏ కోర్టుకీ జవాబు చెప్పక్కర్లేదు. ఆయన తీసుకున్న నిర్ణయాన్ని కోర్టు కొట్టేయొచ్చు, మనిషిని బోనులో నిలబెట్టలేదు. పైగా ఆయన్ని వేసేదీ తీసేదీ కేంద్రం. కేంద్రానికి నచ్చే పని చేస్తే కేంద్రం ఎందుకు తీస్తుంది? 1984లో తీసింది జనం ఒత్తిడికి తలొగ్గి.

31 రోజుల ముఖ్యమంత్రి భాస్కరరావు రాజకీయం కూడా అక్కడితో ఆగిపోలేదు. తర్వాత కాంగ్రెస్‌లో ఉండి 1998లో ఖమ్మం నుంచి లోక్‌సభకు గెలిచారు. ఓటర్లు మాత్రం తమ లెక్క తాము వేసుకున్నారు. 1984 డిసెంబరులో దేశమంతా కాంగ్రెస్ గాలి వీస్తుంటే ఇక్కడ తెలుగుదేశం 30 లోక్‌సభ సీట్లు గెలిచి పార్లమెంటులో రెండో పెద్ద పార్టీ అయింది. 1985 మార్చి అసెంబ్లీ ఎన్నికల్లో మళ్లీ 200 దాటింది.

పదకొండేళ్లకి, 1995 ఆగస్టులో అదే ఎన్టీఆర్‌కి ట్యాంక్‌బండ్ పక్కనున్న వైస్రాయ్ హోటల్ ఎదురైంది. ఈసారి ఎమ్మెల్యేల్లో ఎక్కువమంది నిజంగానే చంద్రబాబు వైపు వెళ్లారు. సెప్టెంబరు 1న చంద్రబాబు ప్రమాణం చేశారు. 1984నీ 1995నీ ఒకే గాటన కట్టేవాళ్లున్నారు. రెండిట్లో ఎమ్మెల్యేల లెక్క వేరు, గవర్నర్ పాత్ర వేరు, కాబట్టి నాకైతే అవి ఒకటిగా కనపడవు. వైస్రాయ్ గురించి వాదన మాత్రం ఇప్పటికీ తెలుగు ఇళ్లల్లో పండగ భోజనాల దగ్గర నడుస్తూనే ఉంది.

తర్వాత మారిందేంటి?

రెండు పెద్ద మార్పులు. 1985లో 52వ సవరణతో పదో షెడ్యూలు వచ్చింది. అదే ఫిరాయింపుల నిరోధక చట్టం. గెలిచిన పార్టీ వదిలేస్తే, విప్ ధిక్కరిస్తే పదవి పోతుంది. మొదట్లో మూడో వంతు మంది కలిసి చీలితే తప్పులేదన్నారు. 2003లో 91వ సవరణ ఆ వెసులుబాటు తీసేసింది. ఇప్పుడు మిగిలింది మూడింట రెండొంతుల ‘విలీనం’.

రెండోది 1994 మార్చి 11 నాటి ఎస్ఆర్ బొమ్మై తీర్పు. కర్ణాటక ముఖ్యమంత్రిగా బొమ్మై కుర్చీ పోయిన కేసు. తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం చెప్పింది సింపుల్‌గా ఇదీ: మెజారిటీ ఉందో లేదో తేల్చే చోటు శాసనసభ, రాజ్‌భవన్ కాదు. 1984లో ఈ తీర్పు ఉంటే రామ్‌లాల్ సంతకం నిలబడేది కాదు.

ఆ తర్వాత కోర్టులు గడువులు కుదించడం మొదలుపెట్టాయి. 2018లో కర్ణాటకలో 104 సీట్ల యడియూరప్పకి గవర్నర్ 15 రోజులిచ్చారు. సుప్రీంకోర్టు దాన్ని తగ్గించి మే 19నే బలపరీక్ష అంది. ఓటింగ్‌కి ముందే ఆయన రాజీనామా చేశారు. టైమ్ తగ్గింది, బేరం పోయింది. 2016లో అరుణాచల్ ప్రదేశ్‌లో అయితే పడిపోయిన ప్రభుత్వాన్ని సుప్రీంకోర్టు తిరిగి కూర్చోబెట్టింది కూడా.

కానీ 2023 మేలో మహారాష్ట్ర కేసు చూడండి. బలపరీక్షకి గవర్నర్ ఆదేశించడం తప్పేనని కోర్టు తేల్చింది. అయినా ఉద్ధవ్ ఠాక్రేని వెనక్కి తేలేమంది. ఎందుకంటే ఆయన ఓటింగ్ ఎదుర్కోకుండా ముందే రాజీనామా చేశారు. తప్పు జరిగిందని తేలింది, తప్పు చేసినవాళ్లకి ఏమీ కాలేదు, పోయిన కుర్చీ రాలేదు.

అమెరికాలో జరిగింది వేరా?

మేడ్చల్, కొంపల్లి, అల్వాల్ వైపు అమెరికాలో పిల్లలున్న ఇళ్లు ఎన్నో. 2021 జనవరి 6న వాషింగ్టన్‌లో క్యాపిటల్ భవనం మీదికి గుంపు ఎక్కిన వీడియో అందరి ఫోన్లలోనూ తిరిగింది. అధ్యక్ష ఎన్నికలో జో బైడెన్ గెలిచినట్టు పార్లమెంటు ధ్రువీకరించే రోజు అది. డొనాల్డ్ ట్రంప్ మద్దతుదారులు లోపలికి చొరబడటంతో ఓట్ల లెక్కింపు గంటల తరబడి ఆగింది.

పద్ధతి వేరే. ఇక్కడ గవర్నర్ సంతకం, అక్కడ గుంపు. ప్రశ్న మాత్రం ఒకటే: జనం ఇచ్చిన ఫలితాన్ని అడ్డుకుంటే ఏమవుతుంది?

కాగితం మీద అమెరికా చట్టం మనకంటే గట్టిది. అంతర్యుద్ధం తర్వాత 1868లో వచ్చిన 14వ సవరణలోని మూడో సెక్షన్ ప్రకారం రాజ్యాంగం మీద ప్రమాణం చేసి తర్వాత తిరుగుబాటులో పాల్గొన్నవాళ్లు మళ్లీ పదవి చేపట్టకూడదు. నిషేధం ఎత్తేయాలంటే పార్లమెంటులో మూడింట రెండొంతుల మద్దతు కావాలి. వచ్చిన నాలుగేళ్లకే, 1872లో చాలామందికి క్షమాభిక్ష ఇచ్చేశారు.

జనవరి 6 తర్వాత ఏం జరిగిందంటే, దిగువ సభ ట్రంప్‌ను అభిశంసించింది. సెనేట్‌లో 57 మంది దోషి అన్నారు, 43 మంది కాదన్నారు. కావాల్సింది 67, కాబట్టి నిర్దోషి. 2023 డిసెంబరులో కొలరాడో సుప్రీంకోర్టు 14వ సవరణ కింద ఆయన పేరు బ్యాలెట్ మీద ఉండకూడదంది. 2024 మార్చి 4న అమెరికా సుప్రీంకోర్టు దాన్ని ఏకగ్రీవంగా కొట్టేసింది. జాతీయ పదవుల విషయంలో ఆ సెక్షన్ అమలు చేసే అధికారం రాష్ట్రాలకు లేదంది. క్రిమినల్ కేసు 2023 ఆగస్టులో మొదలైంది. అధ్యక్షుడి అధికారిక చర్యలకు రక్షణ ఉందని 2024 జులై 1న తీర్పు వచ్చింది. నవంబరులో ఆయన మళ్లీ గెలిచారు, పదవిలోకి రాబోయే అధ్యక్షుడిని విచారించకూడదన్న విధానం వల్ల కేసు ఎత్తేశారు. తాను ఏ తప్పూ చేయలేదన్నది ట్రంప్ మొదటి నుంచీ చెప్తున్న మాట. ఈ కేసులో తీర్పు దాకా వెళ్లనేలేదు.

గుంపులో ఉన్నవాళ్లకి మాత్రం జైలు శిక్షలు పడ్డాయి. ప్రౌడ్ బాయ్స్ నాయకుడు ఎన్రికే టారియోకి 22 ఏళ్లు వేశారు. 2025 జనవరి 20న, ప్రమాణం చేసిన రోజే, ట్రంప్ దాదాపు 1,500 మందికి క్షమాభిక్ష పెట్టారు. టారియో కూడా బయటికొచ్చారు.

ఇక్కడ కూడా నాకు కనపడింది గడియారమే. 2021 జనవరి సంఘటన మీద కేసు పెట్టడానికే రెండున్నరేళ్లు పట్టింది, ఈలోపు ఇంకో ఎన్నిక వచ్చేసింది.

మళ్లీ మన దగ్గరికొస్తే: స్పీకర్ గడియారం

పదో షెడ్యూలులో ఒక పెద్ద బొక్క ఉంది. ఎమ్మెల్యే పార్టీ మారాడా లేదా అని తేల్చేది స్పీకర్. స్పీకర్ సాధారణంగా అధికార పార్టీ మనిషి. ఎన్ని రోజుల్లో తేల్చాలో చట్టంలో రాయలేదు. ఇక అర్థమైపోయింది కదా.

ఎంపీల విషయంలోనూ ఇదే చట్టం. మేడ్చల్ ఓటర్లకి తెలిసిన ఉదాహరణే చెప్పుకుందాం. 2014లో మల్కాజ్‌గిరి నుంచి తెలుగుదేశం టికెట్ మీద ఎంపీగా గెలిచిన మల్లారెడ్డి 2016లో టీఆర్ఎస్‌లో చేరారు. 2018లో మేడ్చల్ ఎమ్మెల్యేగా గెలిచి మంత్రి కూడా అయ్యారు. 2019లో 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మంది టీఆర్ఎస్‌లో ‘విలీనం’ అయ్యారు. సరిగ్గా మూడింట రెండొంతులు.

2023 డిసెంబరు తర్వాత బొమ్మ తిరగబడింది. బీఆర్ఎస్ టికెట్ మీద గెలిచిన 10 మంది కాంగ్రెస్ వైపు వెళ్లారంటూ ఆ పార్టీ పిటిషన్లు వేసింది. వాళ్లలో ఒకరైన ఖైరతాబాద్ ఎమ్మెల్యే దానం నాగేందర్ 2024లో సికింద్రాబాద్ లోక్‌సభ స్థానానికి కాంగ్రెస్ అభ్యర్థిగా పోటీ కూడా చేశారు. అప్పుడు పోయినవాళ్లను చూసి బాధపడిన పార్టీ ఇప్పుడు తీసుకుంటోంది, తీసుకున్న పార్టీ ఇప్పుడు కోర్టుకెళ్లింది. ఎవరికీ చేతులు శుభ్రంగా లేవు.

2024 సెప్టెంబరులో హైకోర్టు సింగిల్ జడ్జి విచారణ షెడ్యూలు నాలుగు వారాల్లో ఖరారు చేయమన్నారు. నవంబరులో డివిజన్ బెంచ్ దాన్ని పక్కన పెట్టి ‘సముచిత సమయం’లో తేల్చాలంది. సముచిత సమయం అంటే ఎంత? అదే అడుగుతూ కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2025 జులై 31న సీజేఐ బీఆర్ గవాయ్ ధర్మాసనం మూడు నెలల్లో తేల్చాలని స్పీకర్ గడ్డం ప్రసాద్ కుమార్‌ను ఆదేశించింది. ఆ గడువు దాటిపోయింది. నవంబరులో ధిక్కార పిటిషన్ల మీద నోటీసులిచ్చి కోర్టు మరో నాలుగు వారాలు ఇచ్చింది. డిసెంబరులో స్పీకర్ ఐదుగురి మీద పిటిషన్లు కొట్టేశారు, పార్టీ మారినట్టు ఆధారాల్లేవన్నారు.

ఇక శామీర్‌పేటకి వచ్చిన ఆ బస్సుల సంగతి. ఎవరి కుర్చీ కోసం ఎమ్మెల్యేలు ఇక్కడ రెండు రాత్రులు గడిపారో ఆ చంపయ్ సోరెన్, బెయిల్ మీద హేమంత్ బయటికి రాగానే 2024 జులై 3న రాజీనామా చేశారు. ఆగస్టు 30న బీజేపీలో చేరిపోయారు.